అప్‌డేట్ తర్వాత ఆగిన వైఫై

కమాన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటి రౌటర్ అప్‌డేట్ అయిన సంగతి ముందుగా తెలిసేది నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్ళకే. చాలా రౌటర్లు తమ లోపలి ప్రోగ్రామును మార్చుకోవడానికి తెల్లవారుజాము వేళను ఎంచుకుంటాయి. ఆ సమయంలో నెట్ వాడేవాళ్ళు ఉండరని తయారీదారుల లెక్క. సింగరేణి ఓపెన్‌కాస్టులో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన మనిషి, పడుకునేముందు దుబాయ్‌లో ఉన్న తమ్ముడితోనో, హైదరాబాద్ హాస్టల్లో ఉన్న బిడ్డతోనో మాట్లాడదామని ఫోన్ తీస్తాడు. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. కాల్ మాత్రం కలవదు. "రాత్రి దాకా మంచిగనే నడిచింది, ఇప్పుడేమైంది?" అని ఇంట్లోవాళ్ళను అడిగితే ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాత జరిగేది దాదాపు అన్ని ఇళ్ళలో ఒకటే. స్విచ్ ఆపి మళ్ళీ వేస్తారు. ఫలితం లేకపోతే నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తారు. ఆయన ఎత్తకపోతే పిన్నీసు తెచ్చి, పెట్టె వెనక ఉన్న చిన్న రంధ్రంలో గుచ్చి పట్టుకుంటారు. మొదటి రెండు పనుల్లో తప్పేమీ లేదు. మూడోది మాత్రం చిన్న తంటాను పెద్దది చేస్తుంది. ఆ రంధ్రంలోని రీసెట్ బటన్ పెట్టెలో దాచుకున్న వివరాలన్నిటినీ తుడిచేస్తుంది. అప్పటిదాకా ఫోనుకు, రౌటర్‌కు మధ్య ఉన్న చిక్కు కాస్తా రౌటర్‌కు, కంపెనీకి మధ్య చిక్కుగా కూడా మారుతుంది. అప్పుడిక ఆపరేటర్ మనిషి వచ్చేదాకా చేయగలిగింది ఉండదు.

అప్‌డేట్ తర్వాత ఆగిన వైఫైలో విరిగిన వస్తువు, కాలిపోయిన భాగం చాలా అరుదుగా ఉంటాయి. పరికరాల మధ్య కుదిరి ఉన్న ఒడంబడికల్లో ఏదో ఒకటి మారి ఉంటుంది. ఏ ఛానెల్‌లో మాట్లాడాలి, ఏ పద్ధతిలో పాస్‌వర్డ్ సరిచూడాలి, ఎవరికి ఏ చిరునామా ఇవ్వాలి అన్నవే ఆ ఒడంబడికలు. మారినది ఏదో తెలిస్తే మరమ్మతు రెండు నిమిషాల పని. కాబట్టి నేర్చుకోవలసింది మరమ్మతు కన్నా వెతికే పద్ధతి.

మన ప్రాంతంలో మోడెం అనో, వైఫై బాక్స్ అనో పిలిచే ఆ పెట్టెలో నిజానికి మూడు నాలుగు పరికరాలు కలిసి ఉంటాయి. ఫైబర్‌లో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం ఒకటి. ఇంట్లోని ఫోన్లకు, టీవీకి చిరునామాలిచ్చి ఎవరి సమాచారం వాళ్ళకు చేరవేసే చిన్న కంప్యూటర్ మరొకటి. ఆపైన రేడియో. కొంచెం కొత్త పెట్టెల్లో రేడియోలు రెండు, 2.4 గిగాహెర్ట్జ్‌కు ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌కు ఒకటి. వీటన్నిటినీ నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో అది ఉంటుంది.

అదే మెమరీలో, దానికి విడిగా, మీ ఇంటి వివరాలు ఉంటాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్, కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, ఛానెల్ నంబరు, భద్రత పద్ధతి, కెమెరాకు కేటాయించిన చిరునామా. అప్‌డేట్‌లో ప్రోగ్రాము మారిపోతుంది, ఈ వివరాలు పాతవే మిగులుతాయి. పాత ప్రోగ్రాము రాసిపెట్టినదాన్ని కొత్త ప్రోగ్రాము చదివి, తనకు అర్థమయ్యేలా మార్చుకోవాలి. ఎక్కువసార్లు ఇది సాఫీగా జరిగిపోతుంది. కొన్నిసార్లు కొత్త ప్రోగ్రాముకు పాత వివరం ఒకటి అర్థం కాదు. అప్పుడు దాన్ని పక్కనపెట్టి తయారీదారు ముందే నిర్ణయించిన విలువను పెట్టుకుంటుంది. ఇంకొన్నిసార్లు పాత విలువ ఇక సురక్షితం కాదని తయారీదారే కావాలని మార్చేస్తాడు. మనం ఈ అధ్యాయంలో చూడబోయే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ రెండిట్లో ఏదో ఒకదాని సంతానమే.

ఎవరూ బటన్ నొక్కకుండా అప్‌డేట్ ఎట్లా వచ్చింది? మీరు దుకాణంలో కొన్న రౌటర్ అయితే తయారీదారు సర్వర్ నుంచి తనంతట తాను దించుకుంటుంది. నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె అయితే కంపెనీయే దూరం నుంచి పంపుతుంది. ఇందుకోసం టీఆర్-069 అనే పద్ధతి 2004 నుంచి వాడుకలో ఉంది. ఫైబర్ పెట్టెలకైతే కాంతి తీగ అవతలి కొనలో ఉన్న కంపెనీ యంత్రం నుంచి కూడా కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించవచ్చు. మంచి పెట్టెల్లో ఫర్మ్‌వేర్‌కు రెండు అరలు ఉంటాయి. పాతది ఒక అరలో నడుస్తుండగానే కొత్తది రెండో అరలో రాసుకుంటుంది, సరిగ్గా ఉందని చూసుకున్నాకే దానిలోకి మారుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది బతికే ఉంటుంది. చౌక పెట్టెల్లో అర ఒకటే. రాస్తుండగా కరెంటు పోతే పెట్టె ఇక లేవకపోవచ్చు. లైట్లు అలవాటు లేని తీరులో మెరుస్తుంటే పది నిమిషాలు ఆగండి, ప్లగ్ పీకకండి. 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఈ భయం చాలావరకు తీరుతుంది.

ఇంత గొడవ ఉంటే అప్‌డేట్లు ఆపేసుకుంటే పోలేదా అని చాలామంది అడుగుతారు. పోదు. 2016 నవంబర్ చివర్లో జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల్లో దాదాపు 9 లక్షల మందికి ఒక్కసారిగా నెట్ ఆగిపోయింది. దూరం నుంచి రౌటర్లను సరిచేయడానికి తెరిచి ఉంచిన దారిలోనే మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము రకం ఒకటి చొరబడబోయింది. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసి, రౌటర్లను ఆపి మళ్ళీ వేసుకోమని చెప్పింది. మరుసటి ఏడు, 2017 జులైలో, మన దేశంలోనే బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారుల మోడెంలు దాదాపు 60 వేలు దాడికి గురయ్యాయి. అవన్నీ కొన్ననాటి 'అడ్మిన్' పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేసినవి. 2023 అక్టోబర్‌లో అమెరికాలో ఒకే నెట్ కంపెనీకి చెందిన 6 లక్షలకు పైగా రౌటర్లు మూడు రోజుల్లో పనికిరాకుండా పోయాయి. వాటిని పెట్టెలకు పెట్టెలే మార్చాల్సి వచ్చింది.

ఇంకా పెద్ద సంగతి 2017 అక్టోబర్‌లో బయటపడింది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మాథీ వాన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ అనే పరిశోధకులు, ప్రపంచమంతా వాడుతున్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రత పద్ధతిలోనే లోపం ఉందని చూపించారు. ఫోను, రౌటర్ పరిచయం చేసుకునేటప్పుడు నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటిలో మూడోదాన్ని మళ్ళీ మళ్ళీ పంపి, ఒకసారి వాడిన రహస్య సంఖ్యనే మరోసారి వాడేలా ఫోనును మోసం చేయవచ్చని తేల్చారు. తప్పు ఏ ఒక్క కంపెనీదీ కాదు, నియమావళిదే. అంటే ఆనాడు వైఫై ఉన్న ప్రతి పరికరానికీ దాదాపుగా ముప్పు ఉంది. కోట్ల పెట్టెలను పారేయకుండా ప్రపంచం గట్టెక్కింది ఫర్మ్‌వేర్ అప్‌డేట్ల వల్లే. అందుకని నాకు అప్‌డేట్ల మీద కోపం లేదు. చెప్పకుండా చేయడం మీద ఉంది.

ఇక వెతుకులాట. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ఆగినప్పుడు తెలిసిన ఎలక్ట్రీషియన్ నేరుగా మోటారు విప్పడు. ప్యానెల్ దాకా కరెంటు వస్తోందా, వస్తే అక్కడి నుంచి ఎక్కడిదాకా పోతోంది అని దారిని సగం సగం చేసుకుంటూ పోతాడు. ఇంటి నెట్‌ను కూడా అట్లాగే సగం చేయాలి.

మొదటి సగం లైట్లు చెబుతాయి. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంటే కాంతి రావడం లేదని అర్థం. అది అప్‌డేట్ పని కాదు. రాత్రి అప్‌డేట్ జరిగిందన్నది నిజమే అయినా, స్తంభాల మీదుగా వేలాడుతూ వచ్చిన తీగను ఎత్తుగా లోడు వేసుకున్న బండి లాగేసి ఉండవచ్చు, లేదా ఇంట్లో ఆ తీగ టేబుల్ కాలు కింద పడి నలిగి ఉండవచ్చు. మన నెట్ కుర్రాళ్ళు మీటరు పెట్టి "పవర్ మైనస్ 20 ఉంది" అనడం మీరు వినే ఉంటారు. అది కాంతి బలం. మైనస్ పక్కనున్న అంకె 3 పెరిగిన ప్రతిసారీ కాంతి సగమైపోతుంది. మైనస్ 27 దగ్గర పెట్టెకు చేరేది వాట్‌లో పది లక్షల వంతులు రెండు మాత్రమే, అంతకు తగ్గితే మామూలు ఇంటి పెట్టెలు దాన్ని పోల్చుకోలేవు. ఈ అంకె రౌటర్ పేజీలో కూడా కనిపిస్తుంది. నెట్ బాగున్న రోజున ఒకసారి చూసి గుర్తుపెట్టుకుంటే, ఆగిన రోజున పోల్చుకోవచ్చు.

ఎర్ర లైటు లేదనుకుందాం. అప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. కొన్ని కంపెనీల పెట్టెలకు ఈ అంకె వేరుగా ఉంటుంది, పెట్టె అడుగున అతికించిన కాగితం మీద చూడవచ్చు. రౌటర్ పేజీ తెరుచుకుంటే మీ ఫోనుకు, రౌటర్‌కు మధ్య వైఫై బాగానే ఉంది. లోపం రౌటర్‌కు అవతల ఉంది. ఫోను అసలు కలవకపోతే, కలిసినా పేజీ తెరుచుకోకపోతే లోపం ఇవతల ఉంది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది. ఆపరేటర్‌కు ఫోన్ చేసినప్పుడు "నెట్ వస్తలేదు" అనడానికి బదులు "పేజీ తెరుచుకుంటోంది, ఎర్ర లైటు లేదు" అని చెప్పి చూడండి, ఆయన జవాబులో తేడా మీకే తెలుస్తుంది.

పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ సరైనదే కొడుతున్నారు, అయినా 'తప్పు' అంటోంది. అప్‌డేట్ తర్వాత ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. అందులోనూ ఒక విచిత్రం, కొడుకు కొత్త ఫోను కలుస్తుంది, తండ్రి పాత ఫోను కలవదు. పాస్‌వర్డ్ మారలేదు, దాన్ని సరిచూసే పద్ధతి మారింది. డబ్ల్యూపీఏ2లోని బలహీనతలకు జవాబుగా 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. పాత పద్ధతిలో ఎవరైనా ఆ నాలుగు సందేశాల పరిచయాన్ని గాలిలోంచి పట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళి, తీరిగ్గా లక్షల పాస్‌వర్డ్‌లు వేసి చూసుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఒక్కో ఊహకూ రౌటర్ తలుపు మళ్ళీ తట్టాల్సిందే. 2020 జులై నుంచి వైఫై ధ్రువపత్రం కావాలంటే పరికరానికి డబ్ల్యూపీఏ3 తెలిసి ఉండాలన్న నియమం పెట్టారు. అంతకుముందు కొన్న ఫోన్లు, ప్రింటర్లు, టీవీలు చాలావాటికి అది తెలియదు. కొత్త ఫర్మ్‌వేర్ రౌటర్‌ను డబ్ల్యూపీఏ3కి మార్చేస్తే అవి బయటే మిగిలిపోతాయి.

రెండూ కలిపి నడిపే మిశ్రమ పద్ధతి ఒకటుంది. సిద్ధాంతం ప్రకారం పాతవాటికి పాత దారి, కొత్తవాటికి కొత్త దారి. ఆచరణలో కొన్ని పాత పరికరాలు ఆ కలగలుపు ప్రకటనను చూసి తికమకపడి వెనక్కి తగ్గుతాయి. దీనితోపాటు నియంత్రణ సందేశాలకు రక్షణ కల్పించే ఏర్పాటు కూడా తెరుచుకుంటుంది, అది అర్థం కాని పాత పరికరాలు కలిసి వెంటనే విడిపోతుంటాయి.

ఇక్కడ చేయాల్సింది వరుసగా చెబుతాను, ఎందుకంటే వరుస ముఖ్యం. ముందు ఫోన్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి 'ఫర్గెట్' చేయండి, తర్వాత కొత్తగా కలవండి. ఫోన్ తన దగ్గర పాత పద్ధతిని గుర్తుపెట్టుకుని ఉంటుంది, చాలాసార్లు దీనితోనే పని అయిపోతుంది. కాకపోతే రౌటర్ పేజీలో భద్రత విభాగానికి వెళ్ళి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. టీకేఐపీ అన్నది మాత్రం ఎంచుకోవద్దు. అది పాతబడిన, బలహీనమైన పద్ధతి. అంతేగాక దానితో కలిసినంతసేపు వైఫై వేగం 54 మెగాబిట్లు దాటకూడదన్నది నియమావళిలోనే ఉంది. చేతికి అందేది అందులో సగం కూడా ఉండదు. 100 మెగాబిట్ల ప్లాన్‌కు డబ్బు కడుతూ అప్‌డేట్ నాటి నుంచి 20 దగ్గరే ఆగిపోతున్న ఇళ్ళలో మొదట చూడాల్సింది ఇదే. పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉంచడం మాత్రం ఎంత విసుగొచ్చినా చేయకండి. మీ లైనులో ఎవరో చేసిన పనికి పోలీసులు ముందుగా అడిగేది మిమ్మల్నే. వీలున్న రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌ను డబ్ల్యూపీఏ2తో పెట్టి పాత టీవీని, ప్రింటర్‌ను అందులో ఉంచితే, ఇంటి అసలు నెట్‌వర్క్‌ను కొత్త భద్రతలోనే కొనసాగించవచ్చు. నా దృష్టిలో అదే మంచి మార్గం.

పేరే కనిపించకపోవడం వేరే కథ. ఇందులో రేడియో భౌతికశాస్త్రం ఉంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి 2005 జనవరిలో అనుమతి వచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన భాగాన్ని 2018 అక్టోబర్‌లో విడుదల చేశారు. మొదటిదాని అలల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రెండోదానిది ఐదున్నర. పొట్టి అల ఎక్కువ సమాచారం మోసుకొస్తుందనడం సరికాదు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఖాళీ స్థలం ఎక్కువ, అందుకే వేగం ఎక్కువ. కానీ అది గోడల దగ్గర త్వరగా నీరసిస్తుంది. ఇటుక గోడ ఒకటి దాటితే పరవాలేదు, కాంక్రీటు స్లాబు దాటి మేడ మీదికి పోవడమంటే కష్టం. ఇనుప బీరువా, నీళ్ళు నిండిన కూలర్, పెద్ద అద్దం, అన్నీ దానికి అడ్డే.

ఈ సంగతి బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ళకు వేరుగా చెప్పనక్కర్లేదు. భూగర్భంలో రేడియో తరంగం బొగ్గును, రాతిని చీల్చుకుని పోలేదు, మలుపు తిరగగానే మాయమవుతుంది. అందుకే ప్రపంచంలో చాలా భూగర్భ గనుల్లో, పొడవునా సిగ్నల్‌ను కొద్దికొద్దిగా బయటికి వదిలే ప్రత్యేకమైన కేబుల్‌ను సొరంగం వెంట లాగుతారు. మాట ఆ కేబుల్ పక్కన ఉన్నంతవరకే వినిపిస్తుంది. అడ్రియాల లాంగ్‌వాల్ వంటి లోతైన గని మన పక్కనే ఉన్న ప్రాంతంలో, ఇంటి గోడ కూడా ఒక చిన్న రాతిపొరేనని గుర్తుంచుకుంటే రౌటర్‌ను ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది.

అప్‌డేట్ ఇక్కడ రెండు రకాలుగా తలదూరుస్తుంది. మొదటిది, అప్పటిదాకా విడివిడిగా ఉన్న రెండు పేర్లను, చివర 5జీ అని ఉన్నదాన్ని, లేనిదాన్ని, కలిపి ఒకే పేరు చేస్తుంది. ఫోన్లకు ఇది సౌకర్యమే. ఇంటి ముందు పెట్టుకున్న కెమెరాకు, వైఫై ప్లగ్గుకు, కొన్ని పాత టీవీలకు 2.4 తప్ప తెలియదు. ముఖ్యంగా కెమెరాను మొదటిసారి కలిపేటప్పుడు ఫోను 5 మీద ఉండి, కెమెరా 2.4 మీద వెతుక్కుంటూ ఉండి, ఒకదానికొకటి దొరకవు. రౌటర్ పేజీలో రెండు పేర్లను మళ్ళీ విడదీయండి. ఆ అవకాశం లేకపోతే 5 రేడియోను పది నిమిషాలు ఆపి, కెమెరాను కలిపి, తిరిగి వేయండి.

రెండోది ఛానెల్. 2.4లో మనకు 1 నుంచి 13 దాకా ఛానెళ్ళున్నా అవి ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. ఒకదాన్నొకటి రాసుకోనివి 1, 6, 11 మాత్రమే. ఒకప్పుడు కమాన్‌పూర్ మండలంలోనే ఉండి ఇప్పుడు రామగిరి మండలంలో చేరిన సెంటినరీ కాలనీలో క్వార్టర్లు వరుసగా ఆనుకుని ఉంటాయి. అక్కడ ఫోన్ తెరిస్తే పక్కిళ్ళ వైఫై పేర్లు చాంతాడంత కనిపిస్తాయి. రొంపికుంటలోనో, గుండారంలోనో విడిగా ఉన్న ఇంటికి ఆ బెడద తక్కువ. అప్‌డేట్ తర్వాత రౌటర్ ఛానెల్‌ను 'ఆటో'కు మార్చుకుంటే, తెల్లవారుజామున అందరూ నిద్రపోయి గాలి ఖాళీగా ఉన్న వేళ చూసి ఎంచుకున్న ఛానెల్, సాయంత్రానికి రద్దీగా మారవచ్చు. దేశం పేరు తప్పుగా పడినా ఛానెళ్ళు మారతాయి. అమెరికా అని పెట్టుకున్న రౌటర్‌లో మామూలుగా 12, 13 ఉండవు.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో చిక్కు ఉంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళను వైఫై చాలా దేశాల్లో రాడార్లతో పంచుకుంటుంది. వాతావరణ రాడార్లలో కొన్ని ఇక్కడే పనిచేస్తాయి. అందుకని ఈ ఛానెళ్ళలో మాట్లాడేముందు రౌటర్ కనీసం ఒక నిమిషం మౌనంగా విని, రాడార్ లేదని నిర్ధారించుకోవాలన్న నియమం ఉంది. మధ్యలో రాడార్ వినిపించినా, వినిపించినట్టు భ్రమపడినా వెంటనే ఆ ఛానెల్ వదిలి వెళ్ళిపోవాలి. కొత్త ఫర్మ్‌వేర్ ఈ ఛానెళ్ళను మొదటిసారి వాడడం మొదలుపెడితే ఇంట్లో కనిపించేది ఇది: రౌటర్ వేశాక 5జీ పేరు నిమిషం ఆలస్యంగా వస్తుంది, పాత ఫోన్లలో అసలే రాదు, ఉన్నట్టుండి మాయమై మళ్ళీ వస్తుంది. ఛానెల్‌ను 36 నుంచి 48 మధ్యనో, 149 నుంచి 161 మధ్యనో స్థిరంగా పెడితే ఈ బాధ పోతుంది.

వైఫై కలిసింది, రౌటర్ పేజీ తెరుచుకుంది, బయటి లోకం మాత్రం లేదు. ఇప్పుడు రౌటర్ పేజీలో వాన్ అనే విభాగం చూడండి. కంపెనీ యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్ అయితే 'డిస్‌కనెక్టెడ్' అని ఉండవచ్చు. అప్‌డేట్‌లో ఆ పాస్‌వర్డ్ చెరిగిపోయిందన్నమాట. కనెక్ట్ అయ్యే ఉంటే బ్రౌజర్‌లో 1.1.1.1 అని కొట్టి చూడండి. అది తెరుచుకుని, పేరుతో కొట్టిన వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ ఒక్కటే పోయింది. రౌటర్‌లో ఆ చోట 1.1.1.1, 8.8.8.8 రాస్తే సరి. ల్యాప్‌టాప్‌లో చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ ఎవరికీ చిరునామా ఇవ్వడం లేదని గుర్తు. కిరాణా దుకాణాల్లో సీసీ కెమెరాల డీవీఆర్‌కు ఒకే చిరునామా స్థిరంగా రాసిపెడతారు. అప్‌డేట్ రౌటర్ అంకెల వరుసను మార్చేస్తే ఆ డీవీఆర్ ఒంటరిదై పోతుంది. కంపెనీ పెట్టె వెనక సొంత రౌటర్ తగిలించుకున్న ఇళ్ళలో రెండూ తామే 192.168.1.1 అనుకునే పరిస్థితి కూడా వస్తుంది. అప్పుడు సొంత రౌటర్ చిరునామాను 192.168.2.1కి మార్చండి. పిల్లలకు రాత్రి నెట్ ఆగేలా సమయాలు పెట్టుకున్నవాళ్ళు రౌటర్ గడియారం కూడా చూడాలి. తిరిగి మొదలైన రౌటర్ సరైన సమయం అందుకునేదాకా 1970 జనవరి 1లోనే ఉండిపోవచ్చు.

అన్నీ సరిగ్గానే ఉండి, మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం నెట్ తడబడుతుంటే అప్‌డేట్‌ను తిట్టే ముందు గదిలోని వేడిని చూడండి. ఇంట్లో వాడే రౌటర్లలో చాలావాటికి తయారీదారు హామీ ఇచ్చేది 40 డిగ్రీల దాకానే. రామగుండం ప్రాంతంలో మే నెలలో బయట 45 దాటే రోజులుంటాయి. స్లాబు కింద, బీరువా పైన, గాలి ఆడని మూలలో పెట్టిన పెట్టె చుట్టూ మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో ఊహించండి. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మించితే ఆగి మళ్ళీ మొదలవుతుంది. అప్‌డేట్, ఎండలు ఒకే వారంలో వస్తే నేరం మొదటిదాని మీద పడుతుంది. తేల్చడానికి సులువైన దారి ఉంది. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి రౌటర్ పక్కనే నిలబడి వేగం కొలవండి. పొద్దున బాగుండి మధ్యాహ్నం పడిపోతే ముందు వేడిని అనుమానించండి. సాయంత్రం, అదీ దూరపు గదిలో మాత్రమే పడిపోతే ఛానెల్ రద్దీ. రోజంతా ఒకేలా తక్కువగా ఉంటే భద్రత పద్ధతినో, కాంతి బలాన్నో చూడాలి. ఓపెన్‌కాస్టుల దగ్గరి ఊళ్ళలో దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. గాలి రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతే వేడి బయటికి పోదు. నెలకోసారి పెట్టె ఆపి, పొడి కుంచెతో తుడిస్తే చాలు, తడిబట్ట వద్దు.

రీసెట్ బటన్‌ను నేను పూర్తిగా తిట్టడం లేదు. పాత వివరాలు కొత్త ప్రోగ్రాములో సరిగా ఇమడకపోతే, అన్నీ తుడిచి మళ్ళీ రాయడమే అసలైన మందు. ఆపరేటర్ మనుషులు చేసేదీ అదే. తేడా ఏమిటంటే, వాళ్ళ జేబులో మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, లైనుకు కావలసిన అంకెలు ఉంటాయి. మీ దగ్గర అవి ఉంటే మీరూ చేయవచ్చు. రౌటర్ పేజీలన్నిటినీ ముందే ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. సెట్టింగులను ఫైలుగా దాచుకునే సదుపాయం ఉన్నా, పెద్ద అప్‌డేట్ తర్వాత ఆ పాత ఫైలును తిరిగి ఎక్కించకండి, పాత తప్పు కూడా దానితోపాటే తిరిగొస్తుంది. చేత్తో కొత్తగా రాయడమే మేలు. పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి పోవడం కొన్ని రౌటర్లలో కుదరదు. కుదిరినా, అప్‌డేట్ మూసిన రంధ్రాన్ని మీరే మళ్ళీ తెరిచినట్టు.

2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం టీ-ఫైబర్ సేవలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన కొద్ది ఊళ్ళలో మన జిల్లాలోని ముత్తారం మండలం అడవి శ్రీరాంపూర్ ఒకటి. రేపు ఈ పెట్టెలు ఇంకా ఎన్నో ఇళ్ళకు వస్తాయి. ప్రభుత్వ సంస్థకైనా, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్‌కైనా నా విన్నపం ఒకటే. అప్‌డేట్ చేసే ముందురోజు తెలుగులో ఒక ఎస్ఎంఎస్ పంపండి. ఏం మారుతోందో, పాత ఫోన్లు కలవకపోతే ఏం చేయాలో రెండు వాక్యాల్లో రాయండి. కనెక్షన్ ఇచ్చిన రోజునే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, రౌటర్ పేజీ చిరునామా రాసిన చీటీ వినియోగదారుడి చేతికివ్వండి. చదువరులకు చెప్పేది కూడా ఒకటే. మీకు ఆ చీటీ ఇవ్వకపోతే, నెట్ బాగా నడుస్తున్న ఈ రోజే అడిగి తీసుకోండి.